మన పెద్దల పళ్ళెంలో ఏముంది?



ఆరోగ్యమే మహాభాగ్యం అని చిన్న తరగతుల నుండి చదువుకుంటున్నాం. పసిపిల్లలు, గర్భిణులు ఏమి తినాలో అంగన్‌వాడీలో చెబుతారు. కానీ ఇంట్లో తాత, మామ్మ ఏమి తింటున్నారని అడిగేవారు తక్కువ. "ముసలి ప్రాణానికి ఇంత గంజి చాలదా" అంటారు. ఈ మాట ఎందుకు సరికాదో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

వయసు పెరిగితే ఏమవుతుంది?

అరవై దాటాక పని తగ్గుతుంది, ఆకలి తగ్గుతుంది. కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది. పళ్ళు ఊడితే గట్టివి తినలేక పక్కన పెడతారు. దాహం కూడా సరిగా తెలియదు. కానీ మాంసకృత్తుల అవసరం తగ్గదు. కాల్షియం అవసరమైతే పెరుగుతుంది కూడా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు పెద్దవారికి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, వృద్ధులకు 1200 కావాలి. అంటే తినేది నాలుగు ముద్దలైనా ఆ ముద్దల్లో బలం ఉండాలి.

మన పళ్ళెం ఎలా మారింది?

మన గూడెం కొత్తవీధి కొండల్లో పూర్వం చోడి అంబలి, సామ అన్నం రోజూ ఉండేవి. తరువాత డిపో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చింది, దానిని తప్పు పట్టనవసరం లేదు. కాని పెద్దల పళ్ళెంలో అన్నం, పలచని చారు మాత్రమే మిగిలితే నష్టం. 100 గ్రాముల చోళ్ళలో (రాగులు) సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో సుమారు 10 మాత్రమే. పాలు అంతగా దొరకని మన పల్లెల్లో చోళ్ళే ఎముకకు ఆధారం.

ఇక రాజ్మా సంగతి. 100 గ్రాముల ఎండు రాజ్మాలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మన మండలంలో పండే ఈ పంట దాదాపు అంతా సంతకు పోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నా పుస్తకాల ఖర్చులో మా మామ్మ కలుపు తీసిన రాజ్మా డబ్బులు ఉన్నాయి. ఆమె పళ్ళెంలో మాత్రం ఆ పిక్కలు అరుదు. పంటంతా ఉంచుకోమని నేను అనను, డబ్బు అవసరం నాకు తెలుసు. అమ్మే ముందు ఒక కుంచెడు పెద్దవాళ్ళ కోసం తీసి ఉంచితే చాలు.

పళ్ళు లేనివారికి ఎలా వండాలి?

1. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో బాగా మరిగించాలి. సగం ఉడికిన రాజ్మా వాంతులు, విరేచనాలు తెస్తుంది. కొండల ఎత్తులో నీరు 100 డిగ్రీల కంటే తక్కువ వేడికే మరుగుతుంది కనుక మనకు ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. వేళ్ళతో నొక్కితే మెత్తగా నలగాలి. తరువాత మెదిపి అన్నంలో కలపాలి.

2. ఉదయం చోడి అంబలి ఇవ్వాలి. అందులో మునగాకు పొడి ఒక చెంచా కలపవచ్చు.

3. కందిపప్పు ఆకుకూరతో మెత్తగా ఉడికించాలి. గుడ్డు దొరికినప్పుడు వారికీ ఒకటి ఇవ్వాలి.

4. ఎండు చేపలు మంచివే కాని ఉప్పు ఎక్కువ. వేడి నీటిలో నానబెట్టి కడిగి వండాలి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు.

5. మన తోటల కాఫీ అయినా, టీ అయినా, అన్నానికి గంట ముందు, గంట తరువాత వద్దు. ఇవి ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. ఉసిరి, నిమ్మ ఆ ఇనుము పట్టడానికి సాయం చేస్తాయి.

6. దాహం లేదన్నా మధ్యమధ్య కాచి చల్లార్చిన నీరు ఇవ్వాలి.

షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఏది ఎంత పెట్టాలో డాక్టరును అడిగే నిర్ణయించాలి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ముద్ద మింగలేకపోతున్నా ఆశా అక్కకు చెప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దానిని వయసు మీదికి నెట్టి ఊరుకోకూడదు.

మనమేమి చేయగలం?

చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు అందరూ తిన్నాక మిగిలింది తింటారు. కూర అయిపోతే చారుతో సరిపెట్టుకుంటారు, అడగరు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వారికి ముందు వడ్డించండి, పక్కన కూర్చుని తినండి. సామలు ఎలా దంచేవారో, అడవి దుంపల్లో ఏది తినాలో, ఏది తినకూడదో అడిగి మీ నోటు పుస్తకంలో రాసుకోండి. మన పాఠ్యపుస్తకాల్లో లేని ఆ చదువు వారి దగ్గర ఉంది. అది మనకు అందాలంటే వారు బలంగా, నాలుగు కాలాలపాటు మన మధ్య ఉండాలి.