గ్రహగతులును స్వరములును

సప్తస్వరములను మన పూర్వులు ప్రకృతినుండియే గ్రహించిరని సంగీతశాస్త్రములు చెప్పును. నెమలి కేకలో షడ్జమును, కోకిల కూతలో పంచమమును, ఏనుగు ఘీంకారములో నిషాదమును వారు వినిరి. 72 మేళకర్తల పండ్రెండు చక్రములలో మొదటిది ఇందు చక్రము, కడపటిది ఆదిత్య చక్రము. ఇవి సంఖ్యాసంకేతములే: చంద్రుడొక్కడు, ఆదిత్యులు పన్నిద్దఱు. ఈ పేళ్లనుబట్టి రాగములకు గ్రహబలము నంటగట్టుట తగదు.

గ్రహగతులలో స్వరములను లెక్కగట్టి వెదకినవాడు జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు కెప్లర్. గ్రహము సూర్యునికి దూరముగ నున్నపుడు మెల్లగను, సమీపించినపుడు వడిగను నడచును. ఈ రెండు వేగముల నిష్పత్తియే ఆ గ్రహముయొక్క స్వరాంతరమని 1619లో ప్రకటించిన ‘విశ్వసామరస్యము’ అను గ్రంథమున ఆయన వివరించెను. ఆయన గణనము ప్రకారము సూర్యునినుండి చూచినచో శని దినమునకు 106 మొదలు 135 వికలల వఱకు కదలును. అది ఇంచుమించు 4:5, అనగా షడ్జమునుండి అంతర గాంధారము. భూమికి దక్కినది 15:16 మాత్రమే. షడ్జమును దాటి శుద్ధ ఋషభముతో సరి! పాఠకులు చిన్నబోనక్కఱలేదు. భూకక్ష్య దాదాపు వృత్తమగుటయే అందుకు కారణము. శుక్రుని సంచారము ఇంకను స్వల్పము.

పరిభ్రమణకాలముయొక్క వర్గము సగటు దూరముయొక్క ఘనము ననుసరించి మాఱునను ప్రసిద్ధ నియమము ఈ గ్రంథముననే వెలువడినది. స్వరములకై వెదకబోయిన వానికి అది లభించినది.

గురుగ్రహమును అయో నాలుగు మాఱులు చుట్టివచ్చునంతలో యూరోపా రెండు మాఱులును, గానిమీడ్ ఒక మాఱును చుట్టును. తార, మధ్య, మంద్ర షడ్జముల నిష్పత్తియు ఇదియే. ఈ ఉపగ్రహముల పరస్పరాకర్షణమే ఆ లయను నిలుపుచున్నది. ఆకాశమున శబ్దము లేదనియు, ఆ మేళము చెవికిగాక బుద్ధికే గోచరమనియు కెప్లర్ ఆనాడే వ్రాసెను.