విటమిన్లు: మన కిట్టులో ఉన్నవి, లేనివి



రంజాన్‌లో పేద కుటుంబాలకు ఇచ్చే కిట్టును ఒకసారి విప్పి చూద్దాం. బియ్యం, గోధుమపిండి, కందిపప్పు, చక్కెర, టీపొడి, నూనె, సేమియా, కొన్ని ఖర్జూరాలు. నెల రోజులు ఒక ఇంటి పొయ్యి ఆరకుండా చూసే సంచి అది. ఇచ్చినవారికి అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇవ్వాలి. అయితే ఏటా పిల్లలకు పోషకాల పాఠం చెప్పే మాకు ఆ సంచిని చూసినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. ఇందులో విటమిన్లు ఎక్కడున్నాయి?

పిండిపదార్థాలు, కొవ్వులు శక్తినిస్తాయి. మాంసకృత్తులు కండను పెంచుతాయి. విటమిన్లు ఈ రెండు పనులూ చేయవు. తిన్న అన్నం శక్తిగా మారడానికి, రక్తకణాలు తయారు కావడానికి, కాల్షియం ఎముకల్లోకి చేరడానికి అవి తోడ్పడతాయి. మొత్తం 13 విటమిన్లు. ఒక్కొక్కటి రోజుకు కావలసింది మిల్లీగ్రాముల్లో, కొన్నయితే మైక్రోగ్రాముల్లో మాత్రమే. ఆ కాస్తా అందకపోతే కడుపు నిండుగా తిన్న మనిషి కూడా జబ్బు పడతాడు. ఒకప్పుడు ఉత్తర కోస్తా జిల్లాల్లో బెరిబెరి అలాగే వచ్చింది. అక్కడివారికి తిండి లేక కాదు. మరపట్టిన తెల్లబియ్యంలో తవుడుతోపాటు బి1 కూడా పోయింది. ఇప్పటికీ మన ఇళ్లలో బియ్యాన్ని మూడుసార్లు పిసికి కడిగి, గంజి వార్చి పారబోస్తున్నాం. బి, సి విటమిన్లు నీటిలో కరిగేవి కాబట్టి ఆ నీటితోనే కొంత పోతుంది. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. ఆకుకూరలో ఒక చెంచా నూనె పడాలనడం రుచి కోసమే కాదు.

విటమిన్ ఎ లోపిస్తే మొదట రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోతుంది. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి పిల్లలకు ఎ విటమిన్ ద్రావణం ఉచితంగా పోస్తున్నారు, దాన్ని తప్పించకూడదు. మామిడిపండులో ఈ విటమిన్‌గా మారే పదార్థం బాగా ఉంది. మన చిత్తూరు తోతాపురి లారీలకు లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయి అక్కడి నుంచి విదేశాలకు చేరుతుంది. ధర పడిపోయిన ఏడు రైతు కాయల్ని రోడ్డు పక్కన పారబోస్తాడు. ఆ పక్క వీధిలోనే పండు ఎరగని పిల్లలుంటారు.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నవి రెండు. రెండూ మన ఆడపిల్లలకు సంబంధించినవే.

మొదటిది విటమిన్ డి. ఇది తిండి నుంచి వచ్చేది తక్కువ, ఎండ తగిలినప్పుడు చర్మం కింద తయారయ్యేది ఎక్కువ. ఇది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. పిల్లల కాళ్లు వంకరపోతాయి, పెద్దలకు ఎముకలు మెత్తబడి నడుము, తొడలు నొప్పులు పెడతాయి. తిరుపతి ఎండ సంగతి వేరే చెప్పాలా? ఇక్కడ ఈ లోపం ఉండదనే ఎవరైనా అనుకుంటారు. కానీ తిరుపతిలోని స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఈ ప్రాంతపు ఆరోగ్యవంతులనే పరీక్షించి, పల్లెల్లోనూ పట్నంలోనూ చాలామందికి డి విటమిన్ తక్కువగా ఉందని 2007, 2008లలో ప్రచురించింది. పట్నంలో లోపం ఇంకా ఎక్కువ. కాల్షియం తినడమూ తక్కువేనని అందులోనే తేలింది. అదే బృందం ఇంకో పని చేసింది. డి విటమిన్‌కు ముడిసరుకైన పదార్థాన్ని గాజు గొట్టాల్లో పెట్టి, తిరుపతి ఎండలో గంట గంటకూ ఎంత మారుతుందో కొలిచింది. ఏడాది పొడవునా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యనే ఎక్కువగా మారింది.

ఫజర్ నమాజు తర్వాత నడకకు వెళ్లి లేత ఎండ ఒంటికి మంచిదని చెప్పే పెద్దలు మనలో చాలామంది. ఆ నడక గుండెకు మంచిదే. డి విటమిన్‌కు మాత్రం ఆ ఎండ చాలదు. కిటికీ అద్దం లోంచి పడే ఎండ కూడా పనికిరాదు, ఎందుకంటే అవసరమైన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

దీనికి బురఖాను నిందించే ఉద్దేశం మాకు లేదు. ఆ పరీక్షల్లో లోపం కనబడింది అన్ని వర్గాలవారిలోనూ. ఇబ్బంది ఇరుకు ఇళ్లలో ఉంది. ఒకే గది, వాకిలి దాటితే వీధి. రోజంతా లోపలే కుట్టుపని, బీడీపని చేసుకునే తల్లికి ఎండ ఎక్కడ తగులుతుంది? మిద్దె మీద మనిషెత్తు గోడ ఉంటే, పరదాకు భంగం లేకుండా ముఖానికీ చేతులకూ పావుగంట ఎండ తగిలేలా కూర్చోవచ్చు. వేసవిలో 11 గంటల వైపే, ఇంకా తక్కువసేపు. సంస్థ నడిపే కుట్టు కేంద్రానికీ బాలికల హాస్టల్‌కూ కొత్త ఫ్యాను ఇచ్చే దాత, ఒక ఏడాది దానికి బదులు మిద్దె గోడ కట్టించే ఆలోచన చేయవచ్చు.

రెండోది ఫోలిక్ ఆమ్లం, అంటే బి9. దీని చరిత్రలో మనకు రెండు విధాలా వాటా ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, గర్భిణుల ప్రాణాలు తీస్తున్న ఒక రకం రక్తహీనతను పరిశీలించింది. నేత మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో, అందులోనూ పేద ముస్లిం స్త్రీలలో అది ఎక్కువగా కనిపించింది. వాళ్ల తిండిలో కూరగాయలు, పండ్లు దాదాపు లేవు. ఈస్టు సారం ఇస్తే వాళ్లు కోలుకున్నారు. ఆ సారంలో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. తర్వాత 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేశారు. 1945లో దాన్ని లెడర్లీ సంస్థలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

గర్భం దాల్చిన నాలుగు వారాలలోపే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం మూసుకోవాలి. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అప్పుడు ఫోలిక్ ఆమ్లం చాలకపోతే వెన్ను తెరుచుకున్న బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ముందునుంచే మాత్రలు వాడితే ఈ లోపాల్లో ఎక్కువ భాగం నివారించవచ్చని 1991లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన నిరూపించింది. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర గర్భానికి ముందే మొదలుపెట్టమంటారు. మూడో నెలలో ఆసుపత్రికి వెళ్లి తెచ్చుకుంటే ఈ ఒక్క పనికి మాత్రం ఆలస్యమైపోతుంది.

పేద ఆడపిల్లల నికాహ్ మన సంస్థలు ఎంతో గౌరవంగా జరిపిస్తాయి. మంచం, బీరువా, వంటసామాను ఇస్తాం. పెళ్లికి నెల ముందు ఆ పిల్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి, రక్తపరీక్ష చేయించి, డాక్టరు సలహాతో ఈ మాత్రలు మొదలుపెట్టిస్తే ఆ సామాను ధరలో వందో వంతు కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అందులో ఇనుము లోపం వాటా పెద్దది. ఇనుము విటమిన్ కాదు, కానీ మాత్ర రెండింటికీ కలిపే వస్తుంది. బడిలో వారానికోసారి ఇచ్చే ఆ మాత్రను కడుపులో తిప్పుతుందని పిల్లలు జేబులో దాచుకోవడం మేము చూస్తూనే ఉన్నాం. ఖాళీ కడుపుతో వేసుకుంటేనే ఆ బాధ. అన్నం తిన్నాక ఇస్తే మింగుతారు.

రేషన్ బియ్యం గురించి కూడా ఒక మాట. అందులో కాస్త వేరే రంగులో కనబడే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అవి బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజలుగా చేసినవి. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలితే వాటినీ పారబోస్తున్నారు. కిట్టు పంచే రోజున మన కార్యకర్త ఈ సంగతి నోటితో చెబితే చాలు.

ఇక కిట్టు విషయం. చక్కెర సగానికి తగ్గించి ఆ డబ్బుతో రాగిపిండి, చెనిక్కాయలు, బెల్లం వేయవచ్చు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే. చెనిక్కాయల్లో బి3, ఫోలిక్ ఆమ్లం రెండూ ఉన్నాయి. సంగటి, ఊరిబిండి మన తాతముత్తాతల తిండే, కొత్తగా నేర్పనక్కరలేదు. నూనె కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ‘+ఎఫ్’ గుర్తు చూసి తీసుకుంటే ఎ, డి విటమిన్లు కలిపిన నూనె దొరుకుతుంది. ఆకుకూరను సంచిలో పెట్టి ఇవ్వలేం. కానీ ఒక మునగ కొమ్మ ఇవ్వగలం. తొట్టి పక్కన గుచ్చితే మొలుస్తుంది, చేతికందే ఎత్తులో కత్తిరిస్తూ ఉంటే ఏడాదంతా ఆకు ఇస్తుంది. మసీదులో రంజాన్ గంజి కాచే పెద్ద డేగిసాలో, దించే ముందు నాలుగు గుప్పిళ్ల లేత మునగాకు వేసి చూడండి. పుదీనా, కొత్తిమీర ఉండనే ఉంటాయి కాబట్టి పిల్లలు ఆకును గుర్తుపట్టరు.