పంచరైన టైరు: అతుకా? మార్పా?

మా కనకమామిడి మీదుగా పోయే హైదరాబాదు–బీజాపూరు రోడ్డుపై కార్లు, జీపులు ఆగకుండా తిరుగుతుంటాయి. పంచరైనప్పుడు టైరు అతికించాలా, మార్చాలా? ముందుగా చూడవలసింది చిల్లు ఎక్కడ ఉందన్నది.

నేలకు ఆనే భాగంలో రబ్బరు మందంగా, దాని కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. అక్కడ మేకు దిగి, చిల్లు 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే అతికించవచ్చు. టైరు ఊడదీసి లోపలినుంచి వేసిన అతుకే గట్టిది. బయటినుంచి దూర్చే రబ్బరు దారం తాత్కాలికం.

టైరు పక్కభాగం పలుచన. చక్రం తిరిగిన ప్రతిసారి అది వంగి లేస్తది. అక్కడ అతుకు నిలవదు. వేగంలో టైరు పగిలితే బండి అదుపు తప్పుతుంది. కాబట్టి మార్చాల్సిందే. గాలి లేకుండా చాలా దూరం నడిపిన టైరు పైకి బాగానే కనిపించినా లోపల నలిగిపోయి ఉంటది. కారు టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే, పంచరు చిన్నదైనా అతుకు దండగ.

సెలవులకు ఊరికి పోయేటప్పుడు జీపు ఎక్కేముందు టైర్ల పక్కలు చూడండి. ఉబ్బుగాని, కోతగాని కనిపిస్తే డ్రైవరన్నకు, వార్డెన్ సారుకు వెంటనే చెప్పండి.