బొచ్చె చెరువులో గుడ్లు ఎందుకు పెట్టదు?

మా గోరేబాళ వైపు కన్నడంలో కాట్లా అనేదే తెలుగులో బొచ్చె. చెరువులో వేస్తే బొచ్చె, శీలవతి బాగా పెరుగుతాయి. కడుపు నిండా గుడ్లుంటాయి, కానీ పెట్టవు. ఎందుకంటే వీటికి వానాకాలపు వరద కావాలి. పారే కొత్తనీరు తగిలితేనే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి తగినంత హార్మోను వదులుతుంది. నిలవ నీళ్లలో గుడ్లు లోపలే కరిగిపోతాయి.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన తోటివాళ్లు పిట్యూటరీ రసం ఇంజెక్షన్ ఇచ్చి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10 జాతీయ మత్స్య రైతుల దినం. అంతకుముందు చేపపిల్లల్ని ఎక్కువగా నదిలోనే పట్టి తెచ్చేవారు.

ఇప్పుడు చెరువులకి హేచరీలున్నాయి. తుంగభద్ర లాంటి నదిలో చేప మిగలాలంటే మాత్రం వానాకాలంలో నీళ్లు పారాలి, గుడ్లు పెట్టే ఆ రోజుల్లో వల వేయకూడదు.