గొలుసు ఎక్కడ, ఫెర్మీ ఎక్కడ?

సీతాఫల్‌మండి గదుల్లో ఉండి, పొద్దున్నే ఉస్మానియా లైబ్రరీలో కుర్చీ పట్టుకునే గ్రూప్స్ అభ్యర్థులకు ఒక చిన్న లెక్క. సర్వేయరు గొలుసును నేలమీద పరిచి, దాని పొడవునా ప్రోటాన్లను వరసగా పేరిస్తే ఎన్ని పడతాయి? కాలిక్యులేటర్ ముట్టుకోకండి.

ఆర్ట్స్ చదివినవాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. తొందరపడొద్దు. ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్లేయుడు 1620లో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు. అడుగుకు 12 అంగుళాల చొప్పున 792 అంగుళాలు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు కాబట్టి 2011.68 సెంటీమీటర్లు, అంటే 20.1168 మీటర్లు. ఇక పరమాణు కేంద్రకాన్ని కొలిచే ఫెర్మీలు మీటరుకు పది కోట్ల కోట్లు. ఆ లెక్కన గొలుసు 201 కోట్ల కోట్ల ఫెర్మీల పైచిలుకు. ప్రోటాను అడ్డకొలత సుమారు 1.7 ఫెర్మీలు. భాగిస్తే దాదాపు 120 కోట్ల కోట్ల ప్రోటాన్లు. అయిపోయింది!

(రాబర్ట్ హాఫ్‌స్టాటర్ తన పరిశోధన వ్యాసంలో ఫెర్మీ అనే పేరు పెట్టింది 1956లో. మన దేశం మెట్రిక్ కొలతల చట్టం చేసిందీ, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ ఏడే. జనరల్ స్టడీస్‌వాళ్లు గుర్తుపెట్టుకోండి, ఖర్చేమీ లేదు.)

ఈ లెక్కలో ఆరేడు తరగతుల పిల్లలకు రానిది ఏముంది? గొలుసు నుంచి ఫెర్మీకి ఒక్క గంతు వేద్దామనుకుంటేనే గుండె జారుతుంది. మధ్యలో అడుగు, అంగుళం, సెంటీమీటరు, మీటరు ఉన్నాయి. సిలబస్ చూసి బెదిరిపోయేవాళ్లు ఆ మధ్య మెట్లు రాసుకోనివాళ్లే. ఇంకో సంగతి: ప్రతి మెట్టు దగ్గరా అంకె పక్కన కొలత రాశాం. "ఇవాళ బాగా చదివాను" అనే మాటకు కొలత లేదు. "ప్రాథమిక హక్కుల మీద 40 బిట్లు చేశాను, 31 ఒప్పు" అన్నదానికి ఉంది. మొదటి మాట అమ్మకు ఫోన్‌లో చెప్పడానికి పనికొస్తుంది, రెండోది మీకు పనికొస్తుంది.

అసలు విషయం పొరపాట్ల దగ్గర ఉంది. పాత సర్వే లెక్కల్లో వాడిన "భారత అడుగు" 0.3047995 మీటర్లు. ఇప్పటి అడుగు 0.3048. గొలుసు మొత్తం మీద వచ్చే తేడా తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఏ రైతూ దానికోసం గట్టు తగాదా పెట్టుకోడు. అదే తేడాను ఫెర్మీల్లో చెబితే దాదాపు 3,300 కోట్లు! పొరపాటు పెరగలేదు, తరగలేదు. కొలత మారింది, అంతే.

మాక్ టెస్టులో ఒక నెగటివ్ మార్కు పడితే, తార్నాక టీకొట్టు దగ్గర స్నేహితుడు ఒక మాట తూలితే, రాత్రంతా నిద్రపోనివాళ్లు ఎందరో. వాళ్లు వెంట్రుకవాసిని ఫెర్మీల్లో లెక్కపెడుతున్నారు. విచిత్రంగా, నెలకు నెల జారిపోయిన విషయంలో మాత్రం వాళ్లకు వేలెడు అంచనా కూడా ఉండదు.

అయితే వెంట్రుకవాసి కూడా వదలకూడని చోటు ఒకటుంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల కొలిచాడు. ఆయన గొలుసు 100 అడుగుల ఉక్కుది. ఏడున్నర మైళ్ల గీత కోసం దాన్ని దాదాపు నాలుగు వందలసార్లు పరిచాడు. ఎండకు ఉక్కు సాగుతుందని గొలుసుకు నీడ కల్పించి, థర్మామీటర్లు పెట్టాడు. ఎందుకంత చాదస్తం? అది పునాది రేఖ. దాని మీద త్రికోణం, ఆ త్రికోణం మీద ఇంకొకటి, అలా దేశం పొడవునా పోవాలి. మొదట్లో జరిగిన తప్పు వాటన్నిటిలోకీ పాకుతుంది. ఆ పని హైదరాబాదుకు చేరాకే, 1818 చివర్లో, జార్జి ఎవరెస్ట్ సహాయకుడిగా వచ్చి చేరాడు.

ఊళ్లో పొలాలు కొలిచే చైన్‌మన్‌కు ఈ థర్మామీటర్ల గొడవ అక్కర్లేదు. 66 అడుగుల గొలుసంత పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరం నాలుగు గుంటలు, పది చదరాలు ఒక ఎకరం. అతనికి అది చాలు. లాంబ్టన్ గొప్ప, చైన్‌మన్ తక్కువ అనుకుంటే పొరపాటు. ఎవరి పనికి తగిన జాగ్రత్త వాళ్లు పడ్డారు. చైన్‌మన్ లాంబ్టన్ పద్ధతిలో కొలిస్తే ఒక్క పొలం హద్దులు తేలేసరికి పంటకాలం దాటిపోతుంది.

మన అభ్యర్థుల్లో ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తున్నారని నా అభిప్రాయం. నోట్సుకు నాలుగు రంగుల పెన్నులు, టైంటేబుల్‌కు స్కేలుతో గీతలు. శాతాలు, నిష్పత్తులు మాత్రం "తర్వాత చూద్దాంలే". నోట్సు అందం దగ్గర లాంబ్టన్లు, పునాది దగ్గర చైన్‌మన్లు!

రేపు లైబ్రరీకి బయలుదేరే ముందు, మిగతా సబ్జెక్టులన్నీ దేనిమీద నిలబడి ఉన్నాయో ఆ ఒక్కదాని పేరు కాగితం మీద రాయండి. ఈ వారం దానికి ఇచ్చే అంకె వేసి, పక్కన కొలత కూడా రాయండి: గంటలా, పేజీలా, బిట్లా. అక్కడ వెంట్రుకవాసి కూడా వదలకండి. నోట్సు అక్షరాలు కాస్త వంకరపోయినా ఫరవాలేదు.