నలుగురూ చూస్తున్నారు

వాలరెంట్ ఆడేవాళ్ళకి ఈ పరిస్థితి చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ళ కోసం చెప్తాను. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక రౌండ్‌లో చనిపోతే ఆ రౌండ్ అయ్యేదాకా మామూలుగా మళ్ళీ లేవడం ఉండదు. ఖాళీగా కూర్చోకుండా, మన టీమ్‌లో బతికున్నవాడి స్క్రీన్ మనకి కనిపిస్తుంది. వాడు ఏం చూస్తుంటే అదే మనమూ చూస్తాం. ఇలా ఒక్కొక్కరే పోయి చివరికి ఒక్కడే మిగిలితే "లాస్ట్ ప్లేయర్ స్టాండింగ్" అని ఒక గొంతు వినిపిస్తుంది. ఆ క్షణం నుంచి వాడి స్క్రీన్‌ని నలుగురు చూస్తుంటారు. లెక్కకి సరిగ్గా నలుగురు. అక్కణ్ణుంచి ఒంటరిగా రౌండ్ గెలిపిస్తే దాన్ని క్లచ్ అంటారు.

మన భాషలో "నలుగురు" అంటే లోకం అని కూడా అర్థం. "నలుగురిలో పరువు పోతుంది", "నలుగురూ ఏమనుకుంటారు" అని వింటూనే కదా అందరం పెరిగాం. ఈ గేమ్ తయారుచేసినవాళ్ళకి తెలుగు రాదు కానీ అంకె మాత్రం కరెక్ట్‌గా పెట్టారు.

నా ప్రశ్న ఇది. అదే మనిషి, అదే మౌస్, అదే గన్. మధ్యాహ్నం ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక్కడే ఉన్నప్పుడు తలకి తగిలే బుల్లెట్, రాత్రి నలుగురు చూస్తుంటే ఎందుకు గోడకి తగులుతుంది? ఇంకొకడికి సరిగ్గా అప్పుడే ఎందుకు తలకి తగులుతుంది? మా హాస్టల్‌లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. "వీడికి భయం రా, వాడికి గుండె ధైర్యం" అని అందరూ తేల్చేస్తారు. నాకు ఆ సమాధానం సరిపోలేదు. సైకాలజీ వాళ్ళు ఈ విషయం మీద 120 ఏళ్ళకి పైగా పని చేస్తున్నారని తెలిసి, అందినంత చదివాను.

మొదలు సైకిళ్ళతో. అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిల్ రేసుల రికార్డులు చూసి, ఒంటరిగా గడియారంతో పోటీపడేవాళ్ళ కంటే పక్కన ఇంకొకరు ఉన్నవాళ్ళు వేగంగా తొక్కుతున్నారని గమనించాడు. తర్వాత 40 మంది పిల్లలకి చేపల గాలం రీలు ఇచ్చి, ఒంటరిగా ఒకసారి, పక్కన ఇంకో పిల్లాడితో ఒకసారి తిప్పించాడు. 1898లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. "పక్కన మనిషి ఉంటే స్పీడ్ పెరుగుతుంది" అని చాలాచోట్ల ఒక్క ముక్కలో రాసేస్తారు. అసలు లెక్క అలా లేదు. 20 మంది వేగం పెరిగింది, 10 మంది కంగారుపడి పాడుచేసుకున్నారు, మిగతా 10 మందిలో పెద్ద తేడా లేదు. అంటే మా హాస్టల్ మొత్తం ఆ 40 మందిలోనే ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే గందరగోళం. ఒక ప్రయోగంలో జనం ఉంటే పని బాగా జరుగుతుంది, ఇంకోదాంట్లో చెడుతుంది. రెండూ నిజమే అయితే నియమం ఏంటి? 1965లో రాబర్ట్ జాయన్స్ అనే ఆయన చిక్కుముడి విప్పాడు. ఆయన చెప్పింది సింపుల్. పక్కన ఎవరైనా ఉంటే ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది. ఉద్రేకం పెరిగినప్పుడు, ఆ పనికి మన దగ్గర ఏ స్పందన అన్నిటికంటే బలంగా నాటుకుని ఉందో అదే ముందు బయటికి వస్తుంది. బాగా వచ్చిన పని అయితే బలమైన స్పందన చాలావరకు కరెక్ట్‌దే, కాబట్టి ఆట మెరుగవుతుంది. ఇంకా నేర్చుకుంటున్న పని అయితే బలమైన స్పందన చాలావరకు తప్పుది, కాబట్టి చెడుతుంది.

దీన్ని వాలరెంట్‌లో పెట్టి చూడండి. ఇందులో పరిగెత్తుతూ కాలిస్తే బుల్లెట్ ఎటో పోతుంది. ముందు ఆగాలి, తర్వాత కాల్చాలి. కొత్తవాడి చేతికి సహజంగా వచ్చేది పరిగెత్తుతూ ట్రిగ్గర్ పట్టుకుని ఉండిపోవడం. వాడికి రూల్ తెలుసు, అడిగితే చెప్తాడు కూడా. కానీ తెలియడం వేరు, వేళ్ళలో నాటుకోవడం వేరు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆలోచించి ఆగుతాడు. నలుగురు చూస్తుంటే ఆలోచన కంటే వేళ్ళే ముందు కదులుతాయి. రెండేళ్ళుగా ఆడుతున్నవాడికి వేళ్ళలో ఉన్నదే "ఆగు, కాల్చు". వాడికి నలుగురూ కలిసి వస్తారు. ఇందులో గుండె ధైర్యం సంగతి ఎక్కడా రాలేదు చూశారా.

జాయన్స్ దీన్ని బొద్దింకల మీద కూడా పరీక్షించాడు, 1969లో. (ఇది చదివి మా రూమ్మేట్ పావుగంట నవ్వాడు.) బొద్దింకలకి వెలుతురు పడదు కాబట్టి ఒక చివర లైటు పెడితే చీకటి వైపు పరిగెడతాయి. ఆ దారి పక్కన పారదర్శకమైన పెట్టెల్లో వేరే బొద్దింకల్ని ప్రేక్షకుల్లా కూర్చోబెట్టారు. దారి తిన్నగా ఉన్నప్పుడు, చూసేవాళ్ళుంటే బొద్దింక ఇంకా వేగంగా పరిగెత్తింది. మలుపు తిరిగి వెళ్ళాల్సిన దారిలో మాత్రం నెమ్మదించింది. బొద్దింకకి పరువు గొడవ లేదు, ర్యాంకు లేదు, ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారో అన్న బాధ లేదు. అయినా సేమ్ రిజల్ట్.

మన లిటరరీ క్లబ్ వాళ్ళకి అవధానం గుర్తు చేయకుండా ఉండలేను. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, ఎదురుగా సభ. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు ఒక్కో అక్షరానికీ అడ్డు పడుతూ నిషిద్ధాక్షరి. వీళ్ళు చాలనట్టు అప్రస్తుత ప్రసంగం అని ఒకాయన, మధ్యలో సంబంధం లేని ప్రశ్నలతో ధ్యాస చెడగొట్టడమే ఆయన పని. చచ్చిపోయాక కూడా మైక్‌లో "మామా నిన్న మెస్‌లో ఏం పెట్టారు" అని అడిగేవాడి పోస్టు అన్నమాట. అంతమంది మధ్య అవధాని పద్యం ఎలా చెప్పగలుగుతున్నాడు? ఛందస్సు ఆయనకి లెక్కపెట్టుకునే స్థాయి దాటి ఎప్పుడో నాలుకకి ఎక్కేసింది. ఆయన బలమైన స్పందనే పద్యం. గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునే నాలాంటివాణ్ణి అదే సభలో కూర్చోబెడితే ఏమవుతుందో జాయన్స్ చెప్పేశాడు. ఇది నా పోలికే, అవధానుల మీద ఆయన ఏమీ రాయలేదు.

మన క్లచ్‌కి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రయోగం 1982 నాటిది. జేమ్స్ మైఖేల్స్, ఆయన తోటివాళ్ళు పూల్ ఆడేచోటికి వెళ్ళి, ముందు దూరం నుంచి ఎవరు బాగా ఆడుతున్నారో, ఎవరు ఆడలేకపోతున్నారో గుర్తుపెట్టుకున్నారు. తర్వాత టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడి చూశారు. ఎంతమంది వెళ్ళారో తెలుసా, నలుగురు. బాగా ఆడేవాళ్ళ షాట్లు 71 శాతం నుంచి 80 శాతానికి పెరిగాయి. రానివాళ్ళవి 36 నుంచి 25కి పడిపోయాయి. చూసేవాళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు. ఇక్కడ జరిగింది గమనించండి: ఇద్దరి మధ్య తేడా పెరిగింది. 35 పాయింట్ల తేడా 55 అయింది. నలుగురు చూసినప్పుడు ఒకడు ఎంత బాగా ఆడతాడో, ఇంకొకడు ఎంత చెత్తగా ఆడతాడో మనకి కనిపించేది ఈ సాగదీసిన తేడాయే. దాన్ని చూసి మనుషుల మీద ముద్ర వేసేస్తున్నాం.

ఇక్కడ ఒక సందేహం రావాలి. పూల్ టేబుల్ దగ్గర మనుషులు కళ్ళెదురుగా ఉంటారు. ఆన్‌లైన్‌లో ఎవరూ కనిపించరు కదా? బీజీఎంఐలో అయితే కన్ను బొమ్మ, పక్కన ఒక అంకె, అంతే. ఆ అంకెకి కూడా చెమట పడుతుందా? 1968లో నికోలస్ కాట్రెల్ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. గదిలో మనుషులు ఉన్నా, వాళ్ళ కళ్ళకి గంతలు కట్టి ఉంటే ఆ ప్రభావం కనిపించలేదు. చూస్తున్న మనుషులు ఉన్నప్పుడే కనిపించింది. అంటే ఒళ్ళు అక్కడ ఉండటం కంటే "నన్ను అంచనా వేస్తున్నారు" అన్న స్పృహ ముఖ్యం. బొద్దింకల ఫలితంతో ఇది కొంచెం పేచీయే, ఆ వాదన ఇంకా నడుస్తోంది. మనుషుల వరకు నాకు కాట్రెల్ మాటే నమ్మాలనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఒళ్ళు లేదు, అంచనా మాత్రం పూర్తిగా ఉంది. మ్యాచ్ అయ్యాక స్కోర్‌బోర్డ్ మిగులుతుంది, క్లిప్ మిగులుతుంది, వాట్సాప్ గ్రూప్‌లో స్టిక్కర్ కూడా మిగులుతుంది.

బాగా ఆడేవాళ్ళు ఎప్పుడూ సేఫ్ అనుకుంటే అదీ కుదరదు. రాయ్ బౌమైస్టర్ 1984లో రాసింది వేరే దారి. ఒత్తిడి పెరిగినప్పుడు మనిషి తన పనిని తనే గమనించుకోవడం మొదలుపెడతాడు. ఆటోమేటిక్‌గా జరిగిపోయేదాన్ని ముక్కముక్కగా చూసుకుంటాడు, అక్కడ చెడుతుంది. మెట్లు దిగుతూ ఏ కాలు ముందు వేస్తున్నానా అని ఆలోచించండి, తడబడతారు. ఆయన వీడియో గేమ్ ఆర్కేడ్‌లో ప్యాక్‌మ్యాన్ ఆడేవాళ్ళ మీద కూడా ఇది చూశాడు. బాగా ఆడితే ఇంకో గేమ్ ఫ్రీ అని ఆశ పెట్టి ఒత్తిడి పెంచితే స్కోరు తగ్గింది. వాలరెంట్‌లో స్పైక్ డిఫ్యూజ్ చేయడానికి 7 సెకన్లు పడుతుంది, అంతసేపు ఒక బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప చేతికి పని లేదు. సగం దాటాక వదిలేస్తే ఆ సగం సేవ్ అయి ఉంటుంది. రూల్ అందరికీ తెలుసు. అయినా 12-12 స్కోరు దగ్గర, వెనక నలుగురు ఉన్నప్పుడు, ఆ బటన్ మీద వేలు ఉందా లేదా అని చూసుకునేవాళ్ళని చూశాను. మామూలు రౌండ్‌లో ఆ వేలు ఒకటుందని కూడా వాళ్ళకి గుర్తుండదు.

సైకాలజీతో సంబంధం లేని కారణం ఇంకొకటి ఉంది, దీన్ని మనవాళ్ళు అసలు పట్టించుకోరు. శబ్దం. ఈ గేమ్‌లో అడుగుల చప్పుడే సగం సమాచారం. చచ్చిపోయినవాళ్ళు మైక్‌లో "లెఫ్ట్ రా లెఫ్ట్, అరే వెనక, స్పైక్ దగ్గరికి పోరా" అని అరుస్తుంటే ఆ అడుగులు వినపడవు. పైగా వాళ్ళకి కనిపించేది ఆడేవాడి స్క్రీనే, కాబట్టి వాడికి తెలియంది వాళ్ళకి తెలిసే అవకాశం చాలా తక్కువ. తమని ఎవడు చంపాడు, ఎక్కణ్ణుంచి చంపాడు, ఎంత డ్యామేజ్ ఇచ్చాం, ఇంతే వాళ్ళ దగ్గరున్న కొత్త సమాచారం. అది చెప్పడానికి ఒక వాక్యం చాలు. సెట్టింగ్స్‌లో వాయిస్‌ని తాత్కాలికంగా ఆపేసే బటన్‌కి క్లచ్ మ్యూట్ అనే పేరు పెట్టారంటే ఈ బాధ ఎంతమందిదో ఊహించుకోండి.

ఇదంతా చదివి ప్రతి ఓటమికీ "చూశారు కాబట్టి పోయింది" అని చెప్పకండి. చార్లెస్ బాండ్, లిండా టైటస్ 1983లో 241 అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే, పనితీరులో కనిపించే తేడాల్లో ఇతరుల ఉనికి వల్ల వచ్చేది 0.3 నుంచి 3 శాతం లోపే అని తేలింది. సగటున చిన్నదే. ఎయిమ్ రానివాడికి గది ఖాళీ చేసి ఇచ్చినా ఎయిమ్ రాదు.

అయితే సగటు చిన్నదైనా కొన్ని పనుల్లో దెబ్బ పెద్దగా ఉంటుంది. ఆ పనుల్లో ఒకటి మన బ్రాంచ్ మెడ మీదే ఉంది. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకి వైట్‌బోర్డ్ మీద ప్రోగ్రామింగ్ ప్రశ్న ఇచ్చారు. కొందరు ఇంటర్వ్యూ చేసేవాళ్ళ ముందు, పైకి చెప్తూ రాయాలి. కొందరు గదిలో ఒంటరిగా రాయాలి. చూస్తున్నప్పుడు పనితీరు సగానికి పైగా పడిపోయింది. ఇంకా ఘోరం: చూస్తుండగా రాసిన అమ్మాయిల్లో ఒక్కరూ పాసవలేదు, ఒంటరిగా రాసిన అమ్మాయిలందరూ పాసయ్యారు. సంఖ్య చిన్నది కాబట్టి దాని మీద పెద్ద మేడ కట్టలేం. కానీ మా క్లాసులో బాగా వాలరెంట్ ఆడే ఇద్దరమ్మాయిలు తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు మైక్ ఎందుకు ఆన్ చేయరో నాకు ఇది చదివాక ఇంకా బాగా అర్థమైంది. గొంతు వినపడగానే వాళ్ళని చూసే నలుగురి చూపు మారిపోతుంది. మేం ఒక రౌండ్ పోగొడితే రౌండ్ పోయిందంటారు, వాళ్ళు పోగొడితే అమ్మాయి కాబట్టి పోగొట్టిందంటారు. కాట్రెల్ చెప్పిన అంచనా వాళ్ళ మీద రెట్టింపు.

కోడింగ్ రౌండ్‌లో స్క్రీన్ షేర్ చేయమంటారు, కెమెరా ఆన్ చేయమంటారు. ఎవరో ఒకరు మన కర్సర్ ఆగిన ప్రతిసారీ చూస్తుంటారు. కాబట్టి కొత్త టాపిక్ నేర్చుకునేటప్పుడు గది తలుపేసుకోవడమే మంచిది, కొత్త ఏజెంట్‌ని ర్యాంక్డ్‌లో కాకుండా రేంజ్‌లో నేర్చుకున్నట్టు. తప్పు స్పందన బలంగా ఉన్న రోజుల్లో జనాన్ని పిలిస్తే ఆ తప్పే బయటపడుతూ ఉంటుంది. ప్రాబ్లమ్ చేతికి ఎక్కాక మాత్రం జనం కావాలి, చూపులకి కూడా అలవాటు పడాలి కాబట్టి.

మా వింగ్‌లో ఈ సెమిస్టర్ మొదలుపెట్టాం. ఆదివారం రాత్రి ఒకడు లింక్డ్ లిస్ట్ రివర్స్ చేస్తాడు, నలుగురు వెనక కుర్చీలేసుకుని చూస్తారు. మాట్లాడకూడదు, నవ్వకూడదు, "అక్కడ నల్ చెక్ పెట్టరా" అనకూడదు. మొదటి వారం ముగ్గురు కూర్చుంటే ఒక్కడే పూర్తి చేశాడు. మూడో వారానికి ముగ్గురూ పూర్తి చేశారు. వచ్చే ఆదివారం నుంచి పృచ్ఛకుడిలా ఒకణ్ణి పెట్టి మధ్యలో ప్రశ్నలు అడిగిద్దామని ఆలోచన. ఆ పోస్టుకి మా రూమ్మేట్ ఇప్పటికే పేరిచ్చాడు.