ఆషాఢంలో కొన్న చొక్కా



ఇంట్లో మగవాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారు? ఎక్కువగా మనమే. గుండీ ఊడితే ఎవరు కుడతారు? మనమే. ఏ చొక్కా రంగు వెలిసింది, ఏ ప్యాంటు మోకాలి దగ్గర అరిగింది అని చెప్పగలిగేది ఎవరు? అదీ మనమే.

మరి ఆ బట్టలు ఎప్పుడు కొంటాం? పండగ రెండు రోజులుందనగా కొంటాం. పెళ్ళి పిలుపు వచ్చాక కొంటాం. హడావుడిగా కొంటాం. అప్పు చేసి కొంటాం.

కొంచెం ఆలోచించి కొంటే అదే డబ్బుతో మంచి బట్టలు వస్తాయి. ఎలాగో ఈ పాఠంలో చదువుకుందాం.

ఒక అక్క కథ

మా కేంద్రానికి రాత్రిపూట చదువుకోవడానికి వచ్చే ఒక అక్క ఉంది. ఆమె భర్త కూలి పనికి వెళతాడు. నిరుడు దసరాకి ఆమె 3000 రూపాయలు అప్పు తెచ్చింది. నూటికి 3 రూపాయల వడ్డీ. ఆ డబ్బుతో భర్తకీ కొడుక్కీ బట్టలు కొన్నది.

ఆ అప్పు తీరడానికి పది నెలలు పట్టింది. ఒకరోజు పలక మీద ఆ లెక్క వేయించాను.

నూటికి 3 రూపాయలు. 3000 లో 30 వందలు ఉన్నాయి. కాబట్టి నెలకు వడ్డీ 90 రూపాయలు. పది నెలలకు 900 రూపాయలు.

అక్క ఆ 900 అంకె కేసి చాలాసేపు చూసింది. "టీచరమ్మా, ఇంకో రెండు చొక్కాలు వచ్చేవి కదా!" అంది.

"అవునక్కా. పైగా నిరుడు కొన్న చొక్కా ఇప్పుడెలా ఉంది?" అని అడిగాను.

"ఇంకెక్కడి చొక్కా? మూడో ఉతుక్కే రంగు దిగిపోయింది. నా తెల్ల పావడా కూడా నీలంగా అయింది. అడుగుదామని కొట్టుకు వెళితే గోడమీద బోర్డు చూపించారు. అప్పుడు నాకు చదవడం రాదు. తల వంచుకుని వచ్చేశాను."

ఈ ఏడు అక్క అప్పు చేయలేదు. నెలకు 300 రూపాయల చొప్పున పది నెలలు దాచింది. 3000 అయింది. "ఇప్పుడేం చేయాలి?" అని అడిగింది. అందరం కలిసి కూర్చున్నాం.

ముందు పెట్టె తెరవండి

కొట్టుకు వెళ్ళే ముందు ఇంట్లో పెట్టె తెరవాలి. ఆయనకు ఏమున్నాయి? ఏవి బాగున్నాయి? ఏవి కుడితే పనికొస్తాయి? ఏవి లేవు? కాగితం మీద రాయండి.

అక్క పెట్టెలో చొక్కాలు ఏడు ఉన్నాయి. కానీ నలుగురిలోకి వేసుకుని వెళ్ళదగ్గవి రెండే. మిగతా ఐదూ చూసినప్పుడు మెరిసినవే. పెద్ద పెద్ద పువ్వులవి, సినిమా చూసి కొన్నవి. ఆ మోజు పోయాక ఆయన వాటిని తొడగడం మానేశాడు.

కొన్ని బట్టలు ఏళ్ళ తరబడి పాతబడవు. మన తాతలు కట్టినా, మన కొడుకులు కట్టినా బాగుంటాయి. మగవాళ్ళకు ఇవి ఉంటే చాలు:

తెల్ల చొక్కా 1.
లేత రంగు చొక్కాలు 2. లేత నీలం, లేత గోధుమ వంటివి.
ముదురు రంగు ప్యాంట్లు 2. నలుపు, బూడిద రంగు, ముదురు నీలం వంటివి.
మంచి పంచె, కండువా ఒక జత.
స్వెట్టరు 1.
రోజూ పనికి వేసుకునే పాత బట్టలు, లుంగీలు, బనీన్లు వేరే.

ఇందులో ఒక కిటుకు ఉంది. లేత చొక్కా ఏ ముదురు ప్యాంటు మీదికైనా నప్పుతుంది. చొక్కాలు 3, ప్యాంట్లు 2. మూడు రెళ్ళు ఆరు. అంటే ఐదు బట్టలతో ఆరు జతలు! పువ్వుల చొక్కా అయితే ఒక్క ప్యాంటు మీదికే నప్పుతుంది.

ఎప్పుడు ఏది చవక?

కూరగాయలకు కాలం ఉంది. మామిడి కాయలకు కాలం ఉంది. బట్టలకూ కాలం ఉంది.

ఆషాఢ మాసం: ఇది జూన్, జూలై నెలల్లో వస్తుంది. అధిక మాసం వచ్చిన ఏడు ఆగస్టు దాకా పోతుంది. మన వైపు ఆషాఢంలో పెళ్ళిళ్ళు చేయరు. కొట్లలో బేరాలు ఉండవు. ఎండాకాలపు సరుకు మిగిలిపోయి ఉంటుంది. శ్రావణానికి కొత్త సరుకు తేవాలి. అందుకే తగ్గింపు పెడతారు. నూలు చొక్కాలు, ప్యాంట్లు, పెళ్ళి పంచెలు కొనడానికి ఇది మంచి కాలం. శ్రావణం రాగానే పెళ్ళిళ్ళు మొదలవుతాయి. జనం పెరుగుతారు. బేరం తగ్గదు.

ఆగస్టు 7: ఇది జాతీయ చేనేత దినం. 1905 ఆగస్టు 7న స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగా 2015 నుంచి ఈ దినం జరుపుతున్నారు. ఆ రోజుల్లో చాలాచోట్ల చేనేత ప్రదర్శనలు పెడతారు. నేసినవాళ్ళ దగ్గరే కొనుక్కోవచ్చు.

అక్టోబరు 2: గాంధీ జయంతి. ఆ రోజు నుంచి ఖాదీ దుకాణాల్లో రిబేటు ఇవ్వడం ఎన్నో ఏళ్ళ ఆనవాయితీ. రిబేటు అంటే తగ్గింపే. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖాదీకి పేరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆడవాళ్ళు చేత్తో నూలు వడుకుతారు. అంత పని ఉంది కాబట్టి ఆ పంచె ఖరీదు ఎక్కువ. రిబేటు రోజుల్లో కొంటే కొంత కలిసి వస్తుంది.

సంక్రాంతి తర్వాత: చలి తగ్గుతుంది. స్వెట్టర్లు, మఫ్లర్లు కొనేవాళ్ళు ఉండరు. ఫిబ్రవరిలో కొని, వేపాకు వేసి దాచుకోండి. వచ్చే చలికాలానికి పనికొస్తుంది.

పెరిగే పిల్లలకు మాత్రం ఏడాది ముందు కొనకండి. వచ్చే ఏటికి పొట్టి అవుతాయి.

బోర్డు జాగ్రత్తగా చదవండి

కొట్టు ముందు పెద్ద అక్షరాలతో "50 శాతం తగ్గింపు" అని ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూడండి. పక్కనే చిన్న అక్షరాలతో "వరకు" అని ఉండవచ్చు. ఆ ఒక్క మాట చాలా ముఖ్యం. "50 శాతం వరకు" అంటే ఏవో కొన్నిటికే సగం ధర. మిగతా వాటికి 10 శాతమే ఉండవచ్చు.

శాతం అంటే నూటికి. 30 శాతం తగ్గింపు అంటే నూటికి 30 రూపాయలు తగ్గుతుంది. 700 రూపాయల చొక్కాలో 7 వందలు ఉన్నాయి. ఏడు ముప్పైలు 210. 700 లోంచి 210 తీస్తే 490. మనం ఇవ్వాల్సింది 490 రూపాయలు.

ఇంకో బోర్డు చూడండి: "50 శాతం, దానిపై మరో 20 శాతం." మొత్తం 70 శాతం అనుకుంటాం. కాదు. 1000 రూపాయల బట్టకు ముందు సగం పోతే 500. రెండో తగ్గింపు ఆ 500 మీదే. 500 లో 20 శాతం అంటే 100. మనం కట్టేది 400. తగ్గింది 600. అంటే 60 శాతమే.

"రెండు కొంటే ఒకటి ఉచితం" అని ఉంటుంది. ఒక్కోటి 800 అయితే రెండింటికి 1600 కట్టాలి. మూడు వస్తాయి. ఒక్కోటి సుమారు 533 పడుతుంది. మూడూ కావాలంటే మంచిదే. ఒకటే కావాలంటే 1600 ఎందుకు?

కొందరు ముందు ధర పెంచి తర్వాత తగ్గిస్తారు. అందుకే తగ్గింపులకు ముందే ఒకసారి కొట్టుకు వెళ్ళి ధర రాసుకోండి. మరో కొట్లో కూడా అడగండి. కుట్టిన బట్టల చీటీ మీద అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర వేసి ఉంటుంది. అంతకు మించి తీసుకోకూడదు.

చేత్తో చూడండి, కంటితో చూడండి

చవక అని ఊరికే కొనకూడదు. బట్టను ఇలా పరీక్ష చేయండి.

వెలుతురుకు ఎత్తి పట్టండి. నేత పలచగా, గళ్ళు గళ్ళుగా ఉంటే త్వరగా చిరుగుతుంది.
కుట్టు దగ్గర రెండు వైపులా మెల్లగా లాగండి. దారాలు పక్కకు జరిగితే వద్దు.
తడి చేసిన తెల్ల రుమాలుతో లోపలి అంచు రుద్దండి. రుమాలుకు రంగు అంటితే ఆ రంగు దిగుతుంది. కొట్టువాళ్ళను అడిగి చేయండి.
ప్యాంటు తిప్పి లోపల చూడండి. నడుము దగ్గర మడతలో బట్ట ఎక్కువ ఉండాలి. ఆయన ఒళ్ళు చేస్తే విప్పి కుట్టించవచ్చు.
లోపలి చీటీ మీద బొమ్మలు చూడండి. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకాలి. త్రికోణం మీద గీతలు కొట్టి ఉంటే బ్లీచింగు వేయకూడదు. ఇస్త్రీ పెట్టె మీద ఒక చుక్క ఉంటే తక్కువ వేడి చాలు.

కుట్టించుకుంటారా? బట్ట పన్నా అడగండి. పన్నా అంటే వెడల్పు. మామూలు ఒళ్ళు ఉన్న మనిషికి పొడుగు చేతుల చొక్కా అయితే 36 అంగుళాల పన్నాలో సుమారు రెండుంబావు మీటర్లు పడుతుంది. 58 అంగుళాల పన్నాలో 1.6 మీటర్లు చాలు. ప్యాంటుకు 58 అంగుళాల పన్నాలో 1.2 నుంచి 1.3 మీటర్లు పడుతుంది. తాను చివర మిగిలిన ముక్కలు చవకగా ఇస్తారు. మీకు కొలత తెలిస్తే ఆ ముక్క సరిపోతుందో లేదో మీరే చెప్పగలరు. నూలు బట్టయితే కుట్టించే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. కుదించుకుపోవడం ముందే అయిపోతుంది.

ఏది చవక?

250 రూపాయల చొక్కా 20 సార్లు తొడిగాక వెలిసిపోయింది. అంటే ఒకసారి తొడిగినందుకు పన్నెండున్నర రూపాయలు.
600 రూపాయల చొక్కా 200 సార్లు వచ్చింది. అంటే ఒకసారికి 3 రూపాయలు.
ఇప్పుడు చెప్పండి, ఏది చవక?

బిల్లు దాచండి

బిల్లు తప్పకుండా అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపం ఉన్న సరుకును వాపసు తీసుకోం అనడం కూడా తప్పు. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోపు వెళ్ళాలి. గడువు రాయకపోతే 30 రోజుల లోపు వెళ్ళాలి. బట్ట బాగానే ఉండి మనకే నచ్చకపోతే మాత్రం ఈ మాట వర్తించదు. కొట్లో వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు.

అక్క ఏం కొన్నది?

ఆషాఢంలో ఒక మంగళవారం అక్క, ఆమె భర్త పట్నం వెళ్ళారు. పండగ రద్దీ లేదు. నింపాదిగా చూశారు. భర్త ఒక మెరుపు చొక్కా పట్టుకుని, "ఇది బాగుందే" అన్నాడు. అక్క కాగితం తీసి, "ఇందులో రాసుకున్నామా?" అంది. ఆయన నవ్వి దాన్ని అక్కడే పెట్టేశాడు.

తెల్ల చొక్కా 700. తగ్గించాక 490.
బూడిద రంగు ప్యాంటు 900. తగ్గించాక 630.
పంచె, కండువా 800. తగ్గించాక 640.
అసలు ధర 2400. కట్టింది 1760. మిగిలింది 640 రూపాయలు.

బిల్లు కట్టే చోట గోడమీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. అక్క దాన్ని కూడబలుక్కుని పైకి చదివింది. "బాబూ, రంగు దిగితే?" అని అడిగింది. కొట్టు అబ్బాయి తడబడ్డాడు. "రంగు దిగితే తీసుకురండమ్మా, మారుస్తాం" అన్నాడు. "ఆ మాట బిల్లు మీద రాయి బాబూ" అంది అక్క. రాశాడు.

మర్నాడు అక్క ఆ బిల్లు తెచ్చి అందరికీ చూపించింది. నేను ఆమె కాగితం చూశాను. అందులో భర్త పేరు ఉంది. కొడుకు పేరు ఉంది.

"నీ పేరు ఏదక్కా?" అన్నాను.

"నాకెందుకులే టీచరమ్మా" అంది.

పక్కన కూర్చున్న పెద్దమ్మ ఊరుకోలేదు. "3000 దాచింది నువ్వు. లెక్క వేసింది నువ్వు. ఇంకా 1240 ఉంది కదే. రాయి!" అంది.

అక్క పెన్సిలు తీసుకుంది. కాగితం చివర తన పేరు రాసింది. పక్కన "నేత చీర 1, ఆగస్టు 7" అని రాసింది. ఒత్తులతో సహా తప్పు లేకుండా రాసింది.

చదివారు కదా! ఇప్పుడు చేయండి

1. 500 రూపాయల ప్యాంటుకు 40 శాతం తగ్గింపు ఉంది. మీరు ఎంత కట్టాలి?
2. చొక్కాలు 4, ప్యాంట్లు 3 ఉన్నాయి. ఎన్ని జతలు అవుతాయి?
3. "వరకు" అనే మాట ఉన్న బోర్డు మీ ఊళ్ళో ఉందా? వెతికి చూసి రాయండి.
4. మీ ఇంట్లో పెట్టె తెరవండి. ఉన్నవి, కావలసినవి రాయండి. మీ పేరు కూడా రాయడం మరవకండి.

జవాబులు: 1. 300 రూపాయలు. 2. 12 జతలు.